చింతాకు చూసిన కంసాలి

ముక్కోటి దగ్గర పడుతోందంటే భద్రాచలంలో చలి అడవి దారిన దిగుతుంది. తెల్లవారుజామున టీ బండ్ల పక్కన ఎండు కొబ్బరి డిప్పలు, విరిగిన పెట్టెల చెక్కలు వేసి నెగడు రాజేస్తారు. ఎవరైనా వచ్చి అరచేతులు చాపొచ్చు. ఏ ఊరని అడిగేది తర్వాత, ముందు "ఇటు జరగండి, అటు పొగ కొడుతోంది" అంటారు. మీరూ ఇటు జరగండి. ఇవాళ్టి కబుర్లు కాస్త పొడుగు.

భద్రాద్రి వెళ్లొచ్చినవాళ్లని ఏం చూశారని అడిగి చూడండి. గుడి, దర్శనం, రామదాసు చేయించిన నగలు, వీలైతే పర్ణశాల, ఇంకా వీలైతే పాపికొండలు. అందులో వంక పెట్టేదేముంది? రాముడి కోసం వెళ్లారు, రాముణ్ణి చూశారు. నా బాధల్లా బస్టాండు నుంచి గుడి మెట్ల దాకా, గుడి నుంచి గోదారి రేవు దాకా నడిచే ఆ కాస్త దూరం గురించి. ఆ దారిలో కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం ఉండదు. చెప్పులు ఎక్కడ విడవాలి, గది ఖాళీ ఉందా, తిరుగు బస్సు ఎన్నింటికి, వీటితోనే సరిపోతుంది. ఆ దారి పొడుగునా ఎంత అందం ఊరికే పడి ఉందో చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నగల దగ్గరే మొదలుపెడదాం, అవి అందరూ చూసినవే కాబట్టి. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో గోల్కొండ తానీషా కొలువులో, పాల్వంచ పరగణాకి తహసీల్దారు. శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు, స్వామికీ అమ్మవారికీ నగలు చేయించాడు. అందుకే గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకుంటాం. ఆ నగల్లో సీతమ్మకి చేయించింది చింతాకు పతకం.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. చింతాకుని నగకి ఎత్తిన మొదటి కంసాలి ఎవరో గానీ, అతని ముందు బంగారం ఉంది, రాళ్లున్నాయి, సృష్టిలో ఉన్న ఆకారాలన్నీ ఉన్నాయి. తామర ఉంది, హంస ఉంది, మామిడిపిందె ఉంది. అవన్నీ ఉండగా అతను రోడ్డు పక్క చింతచెట్టు కింద రాలి, కాలికింద పడి నలిగే ఆకుని ఏరుకున్నాడు. ఈసారి చింతచిగురు పప్పుకి తెచ్చుకున్నప్పుడు ఒక రెమ్మ తీసి అరచేతిలో పెట్టుకోండి. సన్నటి ఈనెకి అటూ ఇటూ చిట్టి చిట్టి ఆకులు జంటలు జంటలుగా, ఏ జంటా పక్క జంటని ఒరుసుకోకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒక్క లెక్కలో ఉంటాయి. పొద్దుగూకితే ఆ జంటలన్నీ ముడుచుకుంటాయి. ఎర్రరాళ్లో పచ్చరాళ్లో వరసగా పొదగాలనుకునే చేతికి అంతకంటే సిద్ధమైన అమరిక ఎక్కడ దొరుకుతుంది? ఆ కంసాలి చింతాకులో లేనిది తెచ్చి పెట్టలేదు. ఉన్నది చూశాడు. మనం బారులు తీరి, మెడలు సాచి ఆ పతకం చూసొస్తాం. వచ్చేటప్పుడు అదే ఆకు తొక్కుకుంటూ వస్తాం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఒక వస్తువు ఎవరి అవసరానికి పుట్టిందో, ఏ పని చేస్తోందో అర్థమయ్యేదాకా దాని వంక చూస్తూ ఉండండి. అందం ఆ పనిలోంచే బయటికొస్తుంది. ఇది నా సిద్ధాంతమేమీ కాదు. భద్రాచలం వీధుల్లో తిరిగితే ఎవరికైనా తోచేదే.

రేవుకి దిగుదాం. స్నానఘట్టాల దగ్గర అడుగుల అంకెలు వేసిన కొలబద్దలుంటాయి. వేసవిలో వాటిని పట్టించుకునేవాళ్లు ఉండరు. పిల్లలు చొక్కాలు తగిలిస్తారు, మేకలు ఒళ్లు రుద్దుకుంటాయి. జులై వచ్చిందా, రెండు రాష్ట్రాలు ఆ అంకెల వైపే చూస్తాయి. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరికెవరు ఎదురైనా భోంచేశారా అనడానికి ముందు "ఎన్ని అడుగులుంది?" అని అడుగుతారు. ఎవరో ఒకరు టక్కున చెబుతారు. పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కూడా చెబుతారు. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు. 1990లో 70.8. 2006లో 66.9. 2022 జులై 16న 71.3. ఈ ఊళ్లో పెద్దవాళ్లకి పిల్లల పుట్టినరోజుల కంటే ఈ అంకెలు బాగా జ్ఞాపకం. పెళ్లిళ్లు, బదిలీలు, చావులు, ఇల్లు మారడాలు అన్నిటినీ వాటి పక్కనే పెట్టి చెబుతారు. "ఎనభైయారు వరదకి మా చిన్నాడు చంకలో ఉన్నాడు" అంటే ఇంకేం తేదీ కావాలి?

ఇప్పుడు ఆ అంకెల్ని బొమ్మల్లా చూడండి. వంపులు లేవు, సొంపులు లేవు. అర్ధరాత్రి వానలో, టార్చిలైటు వెలుగులో, బురదనీటి అంచున నిలబడి చదవాలి. మూడు ఎనిమిదిలా కనబడకూడదు, ఒకటి ఏడులా కనబడకూడదు. తప్పు చదివితే దిగువన ఎవరినో లేపాల్సిన వేళకి లేపరు. అందుకని రాసిన చెయ్యి ప్రతి గీతా లావుగా, నిటారుగా, ఎడం ఎడంగా రాసింది. రంగు వెలిసిన చోట మళ్లీ దిద్దుతారు. ఆ దిద్దుడు మీద దిద్దుడుకి అంచుల్లో రంగు పొరలు పొరలుగా కట్టి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఈ ఊళ్లో ఇంత శ్రద్ధగా రాసిన రాత మరొకటి లేదని నేననుకుంటాను.

1986 తర్వాత కరకట్ట కట్టారు. కరకట్ట మీద సాయంత్రం నడక బావుంటుంది, అందరూ నడుస్తారు. పాత గోడల మీద అప్పటి నీళ్లు నిలిచిన మట్టాన్ని గుర్తు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. కొన్నిచోట్ల అది గీత, కొన్నిచోట్ల మరక, కొన్నిచోట్ల "ఇదుగో, ఇక్కడిదాకా" అని తలెత్తి చూపించే ఒక చూపుడువేలు. ఆ గీత పక్కన నిలబడితే మన ఎత్తెంతో తెలుస్తుంది. రేవులో నిలబడి చూస్తే కనబడే పాత వంతెన 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించింది. అంతకుముందు ఈ ఒడ్డుకి రావాలంటే పడవే. దాని స్తంభాల మీద నీటి చారలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఏటేటా గోదారి తన చేత్తో గీసినవి. 2024లో పక్కనే రెండో వంతెన వాడకంలోకి వచ్చింది. దానికింకా చారలు పడాలి.

గోదారి రేవుల్లో తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరే కుర్రాళ్లని చూసే ఉంటారు. భక్తులు వేసిన చిల్లర కోసం. పాత స్పీకరులోంచి ఊడదీసిన ఉంగరం లాంటి అయస్కాంతం, మధ్యలో చిల్లు ఎలాగూ ఉంది కాబట్టి తాడు కట్టడానికి అదే కుదిరింది. ఇప్పటి స్టీలు నాణేలే దానికి అంటుకుంటాయి. వెనకటి రాగి, నికెలు కలిపిన నాణేలు అంటవు. ఆ కుర్రాడికి ఏ నాణెం పట్టుబడుతుందో, ఏది నీళ్లలోనే ఉండిపోతుందో బాగా తెలుసు. పాటలు మోగించిన వస్తువు డబ్బులు ఏరుతోంది. అలా రెండో పని దొరికిన వస్తువు ఎక్కడ కనబడినా నేను ఆగి చూస్తాను.

ఆ రేవులోనే దీపాలమ్మే ఆవిడ దగ్గర ఆకుదొప్ప కొంటారు కదా. వత్తి వెలిగించి నీళ్లలో వదలగానే మన చూపంతా దీపం మీద. వదిలే ముందు ఒక్కసారి దొప్పని తిరగేసి చూడండి. ఆకుని ఎక్కడ మడిచారు, పుల్ల ఎక్కడ గుచ్చారు, అడుగు నీళ్లలో నిలవడానికి ఎంత వెడల్పు ఉంచారు. గుచ్చిన పుల్ల గోరులో సగం పొడుగుండదు. ఒకే పోటుకి మూడు పొరల్నీ పట్టి బయటికొచ్చి ఆగిపోతుంది.

విస్తరాకుల సంగతి ఎత్తితే నేను త్వరగా ఆపలేను, ముందే చెబుతున్నాను. ఈ అడవుల్లో విస్తళ్లకి అడ్డాకు, మోదుగాకు. అడ్డ పెద్ద తీగ. మాను మీద మాను పట్టుకుంటూ అడవి నెత్తికెక్కుతుంది. ఆకు మధ్యలో చీలి, రెండు సగాలు అంటిపెట్టుకున్నట్టుంటుంది. ఆ తీగ నారతోనే తాళ్లు కూడా పేనుతారు. మోదుగ అయితే ఒక కాడకి మూడేసి ఆకులు. కోసి, ఎండలో ఎంత ఆరాలో అంతే ఆరనిచ్చి, సన్నగా చీల్చిన పుల్లలతో కుడతారు. కుట్టే వాళ్ల చేతుల వంక చూడండి. మొదటి ఆకు మధ్యలో, దాని అంచు మీద రెండోది, దాని అంచు మీద మూడోది, గుండ్రంగా తిరుగుతూ పోతాయి. ఈనెలన్నీ నడిమి నుంచి బయటికి పారేలా పేరుస్తారు. పప్పుచారు పోస్తే ఆకు సందుల్లోంచి కారకుండా ఉండేది ఆ పేర్పు వల్లే. వడ్డించే ముందు నీళ్లు చల్లితే ఎండుటాకు మళ్లీ మెత్తబడి, కుట్లు బిగుసుకుంటాయి. వేడన్నం పడగానే లేచే ఆ వాసన సంగతి మీకు నేను చెప్పాలా?

కొలబద్ద లేదు, వృత్తలేఖిని లేదు. అయినా కట్టలో వంద విస్తళ్లు పేర్చి పక్క నుంచి చూస్తే అంచులు ఒక్క తీరున ఉంటాయి. ఇప్పుడు వెనక ప్లాస్టిక్ పొర అంటించి, మిషన్లో వేడికి అదిమిన ఆకు ప్లేట్లు వస్తున్నాయి. బఫే భోజనాలకి నిలబడి పట్టుకోవడానికి అవి వీలే, కాదనను. కానీ ఆ పొర వచ్చాక కుట్టుకి పని పోయింది. పేర్పుకీ పని పోయింది. ఆకులు ఎలా పడితే అలా పెట్టినా పొర కాస్తుంది. అందం పోయిందని నేనంటే కొందరు నవ్వుతారు గానీ, పోయింది అందమొక్కటే కాదు, చేతిలో ఉన్న ఒక లెక్క కూడా.

1958లో ఒక ముచ్చట జరిగింది. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికా దంపతులు, కుర్చీలు బల్లల రూపకల్పనలో ప్రపంచమంతా పేరున్నవాళ్లు. మన దేశంలో వస్తువుల రూపకల్పన ఎలా నేర్పాలో చెప్పమని భారత ప్రభుత్వం వాళ్లని అడిగింది. దేశం తిరిగి చూసి వాళ్లిచ్చిన నివేదికలో, తాము చూసిన వస్తువులన్నిటిలోకీ మహా గొప్పది చెంబు అన్నారు. నీళ్ల చెంబు! ఎవరైనా కూర్చుని కొత్తగా చెంబుని తయారు చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసపెట్టి రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, ఆడచేతికి ఎలా అమరాలి, మగచేతికి ఎలా అమరాలి, తల మీదా నడుం మీదా ఎలా కూర్చోవాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, ఎలా తోముకోవాలి, రాతి మీద పెడితే ఏం చప్పుడు చేస్తుంది, ఎండ పడితే ఎలా మెరుస్తుంది, ధర ఎంత. ఇన్ని ప్రశ్నలకీ ఏ ఒక్కడూ జవాబు చెప్పలేడని, తరతరాల చేతులు కొంచెం కొంచెంగా దిద్దుకుంటూ వచ్చాయని వాళ్ల అభిప్రాయం. ఆ నివేదిక మీదే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. స్నానం చేసి గోదారి నీళ్లు చెంబుతో మెట్లెక్కించుకొచ్చే పెద్దావిడని భద్రాచలంలో రోజూ చూస్తాం. ఆవిడ ఒక్క చుక్క ఒలకనివ్వదు. ఆ చెంబు మెడ దగ్గర వేళ్లు ఎలా కూర్చున్నాయో ఈసారి గమనించండి.

ఈమ్స్ దంపతులు ఇటు ఏజెన్సీ వైపు వచ్చి ఉంటే చెంబు పక్కన ఇంకో పేజీ సొరకాయ బుర్రకి ఇచ్చేవాళ్లని నా నమ్మకం. కోయవాళ్లు ముదిరిన సొరకాయని ఎండబెట్టి, లోపలి గుజ్జు, గింజలు తీసేసి నీళ్లకీ జావకీ వాడతారు. సంతరోజున భుజాన తాడుతో వేలాడే బుర్రలు ఇప్పటికీ అక్కడక్కడా కనబడతాయి. కాయకి నడుం దగ్గర సహజంగా ఉన్న నొక్కులోనే తాడు కూర్చుంటుంది, దానికి వేరే కొక్కెం అక్కర్లేదు. నీళ్లు చల్లగా ఉంటాయి. ఎన్నేళ్లో వాడితే చేతి జిడ్డుకి, పొయ్యి పొగకి పైన తేనెరంగు తిరుగుతుంది. ఏ పాలిషూ అంత మెరుపు ఇవ్వదు. పక్కనే నడిచే మనవడి చేతిలో ప్లాస్టిక్ సీసా. అతన్ని నేనేమీ అనను, సీసా తేలిక, బుర్ర పగిలితే మళ్లీ కాయ ముదిరేదాకా ఆగాలి. ఆ బుర్ర చేసే చెయ్యి పని ఎవరైనా దగ్గర కూర్చుని నేర్చుకుంటే బావుండునని మాత్రం గట్టిగా అనిపిస్తుంది.

ఇంకా ఎన్నో ఉన్నాయి. బస్టాండు దగ్గర నిలబడి బండ్ల నంబరు ప్లేట్లు చూడండి, ఊరు సరిహద్దు అంతా అక్కడ చదువుకోవచ్చు. టీజీ, ఇంకా మారని టీఎస్, ఏపీ, ఛత్తీస్‌గఢ్ సీజీ, ఒడిశా ఓడీ. 2014లో చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, ఊరి చివర ఎటపాక వైపు నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారిపోతుంది. ఆటోవాళ్లు ఆ గీతని రోజుకి ఎన్నిసార్లు దాటతారో వాళ్లకే లెక్క ఉండదు. అవతలి ఒడ్డున సారపాక కాగితపు మిల్లుకి జామాయిల్ దుంగలు తీసుకెళ్లే లారీ ముందు పోతుంటే హారన్ కొట్టకుండా వెనకే ఉండండి కాసేపు. కోసిన దుంగల చివర్లన్నీ లేత గోధుమరంగు గుండ్రాలు, చిన్నా పెద్దా కలిసి సందు లేకుండా పేర్చి ఉంటాయి.

శ్రీరామనవమి కల్యాణం అయిన మర్నాడు వీధుల్లో తలంబ్రాలు. మిగతా చోట్ల పసుపు బియ్యం, ఇక్కడ గులాలు కలిపిన గులాబీరంగు బియ్యం. తానీషా కాలం నుంచి వచ్చిన వాడుక అని చెబుతారు. వాటిలో కొన్ని గోటి తలంబ్రాలు. గోదావరి జిల్లాల్లో భక్తులు వడ్లని రోకటి పోటు తగలకుండా గోళ్లతో ఒలిచి పంపేవి. ఒక్కొక్క గింజ, ఒక్కొక్క గోరు. కల్యాణం జరిగే మిథిలా స్టేడియం నుంచి జనం వెళ్లిపోయాక ఆ గింజలు మెట్ల సందుల్లో, చెప్పుల అడుగున, బస్సు సీట్ల మధ్య ఇరుక్కుని ఊళ్లు దాటిపోతాయి. మీ సంచి అడుగున ఎప్పుడో ఒకటి దొరికే ఉంటుంది. విరగని గింజేనా అని చూశారా?

పర్ణశాల చూశామంటారు కదా, అక్కడ ఏం చూపిస్తారు? రాళ్లు! భద్రాచలానికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, వాగు పక్కన చారలు పడిన మామూలు బండలు. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. ఎప్పుడో ఎవరో ఒకరు ఆ బండ ముందు ఆగారు. చారల్లో నేత కనిపించింది, నేతలో చీర కనిపించింది, చీర వెనక ఒక ఇల్లాలు కనిపించింది. చింతాకు ఏరిన కంసాలిదీ ఆ చూపే. రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ గారూ అలాంటి చూపున్నవారే. హిమాలయాలు తిరిగి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ దగ్గర ఉండి, తిరిగొచ్చి గుంటూరు జిల్లా తుమ్మపూడిలోనే స్థిరపడ్డారు. అంత ఎత్తు చూసిన కన్ను సొంత ఊరి మీద నిలిచింది. ఆయన గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

సరే, ఒక పని అప్పజెబుతాను, కాదనకండి. గోదారి ఒడ్డున ఉన్నవాళ్లంతా ఈ వానాకాలం రాకముందే మీ రేవులో కొలబద్ద చూసి రండి. ధవళేశ్వరంలో అంకెలు వేరే. అక్కడ ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో 53 దాటించిన నీళ్లే అక్కడికి పోయి ఇంత చిన్న అంకెలతో అంత భయం పుట్టిస్తాయి. ఒకే నదికి ఊరికో కొలత. ధర్మపురి, మంచిర్యాల వాళ్లు, రాజమండ్రి, యానాం వాళ్లు చెప్పండి. మీ దగ్గర అంకెలు ఏ రంగులో ఉన్నాయి? రాసిందెవరు? 1986 నాటి గీత మీ ఇంటి గోడ మీద ఇంకా ఉందా? ఉంటే, పండక్కి వెల్ల వేయించేటప్పుడు పనివాళ్లతో ఒక్క మాట చెప్పి, ఆ జానెడు మేర మాత్రం వదిలేయించండి.